ఎవరో జామ్ చేశారా, మన కనెక్టర్ ఊడిందా?

బెంగళూరు పీణ్యలో ఒక ఫ్యాక్టరీ మేడ మీద వీశాట్ డిష్, అంటే ఉపగ్రహంతో మాట్లాడే చిన్న డిష్, బిగించి, కిందికి దిగి టీ తాగుతుంటే హబ్ నుంచి, అంటే ఇలాంటి డిష్‌లన్నిటినీ చూసుకునే కేంద్రం నుంచి, ఫోన్ వచ్చింది. అవతల ఉన్నది హిందూపురం కుర్రాడు. "అన్నా, మీ సైట్ నుంచి వస్తున్నది మన క్యారియర్ సిగ్నల్ ఒక్కటే కాదు. పక్కన ఇంకో రెండు గుట్టలు కూడా పైకొస్తున్నాయి. ఒకసారి ట్రాన్స్‌మిట్ ఆపు" అన్నాడు. ఆపాను. హబ్ స్క్రీన్ మీద ఆ గుట్టలు, అంటే సిగ్నల్ ఉన్నచోట లేచే ఎత్తులు, పోయాయి. ఆన్ చేశాను. మళ్లీ వచ్చాయి.

అదే మేడ మీద, డిష్‌కి పదడుగుల దూరంలో మొబైల్ టవర్ ఉంది. లోపల మోడెమ్ నుంచి పైన డిష్ దగ్గరి ట్రాన్స్‌మిటర్ దాకా వెళ్లే కేబుల్‌లో సిగ్నల్ 950 నుంచి 1450 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది. ఆ ట్రాన్స్‌మిటర్, అంటే మేం బీయూసీ అని పిలిచే డబ్బా, దానికి 13.05 గిగాహెర్ట్జ్ కలిపి పైకి పంపుతుంది. టవర్ వాడే జీఎస్ఎం సిగ్నల్ 935 నుంచి 960 దాకా ఉంటుంది. అంటే చివరి 10 మెగాహెర్ట్జ్ నా కేబుల్ దారిలోనే ఉందన్నమాట. కేబుల్ సరిగా ఉంటే బయటి సిగ్నల్ లోపలికి రాదు. నేను క్రింప్ చేసిన కనెక్టర్‌లో బ్రెయిడ్, అంటే కేబుల్ చుట్టూ ఉండే తీగల జాలీ, సరిగా కూర్చోలేదు. ఆ సందులోంచి టవర్ సిగ్నల్ దూరింది. బీయూసీకి తన మన తేడా తెలియదు కదా, వచ్చినదాన్ని వచ్చినట్టే 14 గిగాహెర్ట్జ్‌కి మార్చి, పవర్ పెంచి, 36 వేల కిలోమీటర్ల పైకి తోసేసింది. పీణ్యలో ఎవరెవరో ఫోన్లో మాట్లాడుకుంటున్న సిగ్నల్‌ని నా చేత్తో నేనే అంతరిక్షానికి ఎక్కించాను.

కనెక్టర్ కోసి కొత్తది వేస్తే పది నిమిషాల్లో అయిపోయింది. కానీ ఆ పది నిమిషాలకు ముందు, ఆ ఫ్రీక్వెన్సీలో పని చేసుకుంటున్న వాళ్లెవరో, వాళ్ల దృష్టిలో నేను జామర్‌నే, అంటే అడ్డుపడే సిగ్నల్ పంపి వాళ్ల సిగ్నల్‌ని మూయించేవాడినే.

సైనిక ఉపగ్రహాల జామింగ్ గురించి టీవీల్లో చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ కనెక్టరే గుర్తొస్తుంది. స్క్రీన్ మీద కనిపించే గుట్ట శత్రువు పెట్టినా, నిద్రమత్తులో టెక్నీషియన్ పెట్టినా ఒకేలా ఉంటుంది. ఈ వ్యవహారంలో సగం పని ఆ రెంటినీ వేరు చేయడమే. మిగతా సగం, నిజంగా శత్రువే అయితే ఏం వదులుకుని ఏం కాపాడుకోవాలన్న లెక్క.

బెంగళూరులో ఉండేవాళ్లకి ఇది దూరపు సంగతేమీ కాదు. 2019లో ఏర్పడిన డిఫెన్స్ స్పేస్ ఏజెన్సీ ప్రధాన కార్యాలయం ఇక్కడే. ఉపగ్రహాలు తయారుచేసే యు.ఆర్. రావు శాటిలైట్ సెంటర్ ఇక్కడే. వాటిని రోజూ చూసుకునే మాస్టర్ కంట్రోల్ ఫెసిలిటీ హాసన్‌లో, ఇక్కడికి సుమారు 180 కిలోమీటర్లు. నౌకాదళం కోసం 2013 ఆగస్టులో జీశాట్-7 వెళ్లింది. వైమానిక దళం కోసం 2018 డిసెంబరులో జీశాట్-7ఏ వెళ్లింది. నౌకాదళానికే 2025 నవంబరులో 4,410 కిలోల సీఎంఎస్-03 వెళ్లింది. 2014లో బంగాళాఖాతంలో జరిగిన ట్రోపెక్స్ విన్యాసాల్లో జీశాట్-7 సుమారు 60 నౌకలను, 75 విమానాలను ఒక్క నెట్‌వర్క్‌లో కలిపింది. ఇంతమంది ఒక్క దారి మీద ఆధారపడ్డాక, ఆ దారిలో ఎవడైనా అడ్డం పడుకుంటే ఏమవుతుందన్నదే ప్రశ్న.

అడ్డం పడటం ఎందుకంత తేలికో ముందు చూద్దాం. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. కేయూ బ్యాండ్‌లో, అంటే 14 గిగాహెర్ట్జ్ దగ్గర, అంత దూరం వెళ్లేసరికి సిగ్నల్ సుమారు 207 డెసిబెల్స్ తగ్గిపోతుంది. డెసిబెల్ లెక్క అలవాటు లేనివాళ్లకి: 10 డెసిబెల్స్ తగ్గితే పదో వంతు, 20 తగ్గితే నూరో వంతు. 207 అంటే 1 పక్కన ఇరవై సున్నాలు పెట్టి, దాన్నింకో ఐదు పెట్టి గుణించి, అన్ని వంతులు చేస్తే అందులో ఒక వంతు. పైన చేరేది గుసగుస కూడా కాదు, గుసగుసకి మునిమనవడు.

ఆ గుసగుసని ఉపగ్రహం ఏం చేస్తుంది? మామూలు ఉపగ్రహాల్లో ఉండే ట్రాన్స్‌పాండర్ దాన్ని అర్థం చేసుకోదు, చదవదు. ఫ్రీక్వెన్సీ మార్చి, పవర్ పెంచి, కిందికి పంపేస్తుంది. మన ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో మైక్ సెట్ ఆంప్లిఫైయర్ గుర్తుందా? నాలుగు మైకులు ఒకే ఆంప్లిఫైయర్‌కి కలిపి ఉంటాయి. పంతులుగారు మంత్రాలు చదువుతున్నారు, పక్కన హరికథ భాగవతార్ గొంతు సవరించుకుంటున్నాడు. ఈలోపు ఎవరి పిల్లాడో నాలుగో మైక్ దొరకబుచ్చుకుని గట్టిగా అరిచాడనుకోండి. పిల్లాడి అరుపు మీద పడటం ఒక నష్టం. ఆంప్లిఫైయర్ తన శక్తినంతా ఆ అరుపుకే ఖర్చుపెట్టేసి, పంతులుగారి గొంతుని కుదించేయడం రెండో నష్టం. పంతులుగారి మైక్‌లో తప్పేం లేదు, అయినా ఆయన వినపడరు.

ట్రాన్స్‌పాండర్‌లోనూ ఇదే జరుగుతుంది. దాని చివరి ఆంప్లిఫైయర్‌కి ఓ హద్దు ఉంది. బలమైన సిగ్నల్ ఒకటి వస్తే, వేరే ఫ్రీక్వెన్సీలో ఉన్నా సరే, మొత్తం పవర్‌లో పెద్ద వాటా అదే లాగేసుకుంటుంది. మిగతా వాళ్లందరూ ఒక్కసారిగా చిన్నబోతారు. అందుకే అప్‌లింక్ జామింగ్, అంటే కింద నుంచి పైకి వెళ్లే దారిలో అడ్డం పడటం, అంటే అంత భయం. పైగా జామర్ మన సరిహద్దు దగ్గరే ఉండాలని లేదు. ఉపగ్రహం యాంటెన్నాకి కనిపించే ప్రాంతంలో, వెయ్యి కిలోమీటర్ల అవతల గోడౌన్‌లో ఉన్నా చాలు.

పై నుంచి కిందికి వచ్చే దారిలో అడ్డం పడే డౌన్‌లింక్ జామింగ్ దీనికి తిరగేసి. అక్కడ దెబ్బ తగిలేది ఉపగ్రహానికి కాదు, కింద వింటున్న ఒక్క డిష్‌కి. 10 కిలోమీటర్ల దూరంలో ఎగురుతున్న డ్రోన్ మీద జామర్ ఉందనుకుంటే, అది ఉపగ్రహం కంటే 3,600 రెట్లు దగ్గర. సిగ్నల్ బలం దూరం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి దానికి దక్కే లాభం సుమారు 1.3 కోట్ల రెట్లు. డిష్ ఆకాశం వైపు చూస్తుంది, పక్కనుంచి వచ్చేదాన్ని బాగా తగ్గిస్తుంది కాబట్టి ఆ లాభంలో చాలా భాగం ఆవిరైపోతుంది. బెంగళూరు నుంచి 74 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-7ని చూడాలంటే తల 74 డిగ్రీలు పైకెత్తాలి, దాదాపు నడినెత్తి మీదే. అలాంటి చోట నేల మీది జామర్‌కి కష్టమే. చిక్కంతా నౌకల మీద, జీపుల మీద పెట్టే చిన్న యాంటెన్నాలతోనే. యాంటెన్నా ఎంత చిన్నదైతే దాని చూపు అంత వెడల్పు, పక్కవాళ్ల మాటలు అంత ఎక్కువ చెవిన పడతాయి.

మైక్ లాగేసుకున్న పిల్లాడి కథ నిజంగానే జరిగింది. 1986 ఏప్రిల్ 27 రాత్రి అమెరికాలో హెచ్‌బీఓ చానల్లో సినిమా నడుస్తుండగా తెర మీద రంగుల గీతలు, వాటి మీద కెప్టెన్ మిడ్‌నైట్ పేరుతో సందేశం ప్రత్యక్షమయ్యాయి. నెలకి 12.95 డాలర్లు కట్టేది లేదని దాని సారాంశం. ఫ్లోరిడాలో ఒక అప్‌లింక్ కేంద్రంలో రాత్రి డ్యూటీలో ఉన్న డిష్ వ్యాపారి, తన దగ్గరున్న పెద్ద డిష్‌ని హెచ్‌బీఓ ఉపగ్రహం వైపు తిప్పి, వాళ్లకంటే ఎక్కువ పవర్‌తో పంపాడు. అంతే. హ్యాకింగ్ లేదు, పాస్‌వర్డ్ లేదు. నాలుగు నిమిషాలకు పైగా దేశంలో తూర్పు సగమంతా చూసింది.

బ్రెజిల్ కథ ఇంకా విచిత్రం. అమెరికా నౌకాదళానికి ఫ్లీట్‌శాట్‌కామ్ అని యూహెచ్ఎఫ్ ఉపగ్రహాలుండేవి. పైకి 290 నుంచి 320, కిందికి 240 నుంచి 270 మెగాహెర్ట్జ్. వచ్చిందల్లా తిరిగి పంపే సాదా ట్రాన్స్‌పాండర్లు, నువ్వెవరని అడిగేది లేదు. అమెజాన్ అడవుల్లో ఫోన్ సిగ్నల్ లేని లారీ డ్రైవర్లు, కలప దొంగలు మామూలు హామ్ రేడియోలకు చిన్న మార్పు చేసి, ఇంట్లో చుట్టిన యాంటెన్నాతో ఆ ఉపగ్రహాల్లో కబుర్లు చెప్పుకోవడం మొదలెట్టారు. 2009 మార్చిలో బ్రెజిల్ పోలీసులు దాడులు చేసి 39 మందిని పట్టుకున్నారు. ఇది యుద్ధం కాదు, ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. అయినా అగ్రరాజ్యపు సైనిక చానల్లో ఫుట్‌బాల్ కబుర్లు నడిచాయి.

ఎన్‌క్రిప్షన్ ఉంది కదా, ఇంకేం భయం అని అడిగేవాళ్లకి ఇక్కడే సమాధానం ఉంది. ఎన్‌క్రిప్షన్ ఉత్తరాన్ని కవరులో పెట్టి లక్క ముద్ర వేస్తుంది. పోస్ట్‌మ్యాన్‌నే దారిలో ఆపేస్తే లక్క ఏం చేస్తుంది?

ఇక రోజువారీ గొడవల్లోకి వస్తే, వాటిలో ఎక్కువ భాగం మనుషుల పొరపాట్లే. మొదటిది క్రాస్‌పోల్. ఒకే ఫ్రీక్వెన్సీని నిలువుగా ఒకరికి, అడ్డంగా ఇంకొకరికి ఇస్తారు. డిష్ ముందున్న ఫీడ్‌ని సరైన కోణంలో తిప్పకపోతే మన సిగ్నల్ పక్కవాడి వాటాలోకి కారుతుంది. డిష్ బిగించేవాడు హబ్‌తో ఫోన్లో ఉండి, "ఇంకొంచెం ఎడమకి, ఆ, ఆగు, కొంచెం వెనక్కి" అనిపించుకుంటూ, కారేది అసలు సిగ్నల్లో వెయ్యో వంతుకి పడిపోయేదాకా, అంటే 30 డెసిబెల్స్ వచ్చేదాకా, స్పానర్ వదలడు. వదలకూడదు. ఎండలో, మేడ మీద, మధ్యాహ్నం రెండింటికి 26 దగ్గర వదిలేసేవాళ్లు ఉంటారు. నౌక మీదైతే కింద నేల కూడా ఊగుతుంది కాబట్టి ఆ 30ని మోటార్లు నిలబెట్టాలి.

రెండోది పక్క ఉపగ్రహం. ఆకాశంలో పక్కపక్క ఉపగ్రహాల మధ్య 2 డిగ్రీల ఎడం అనుకుంటే, అక్కడ అది సుమారు 1,470 కిలోమీటర్లు. వినడానికి ఎంతో దూరం. కానీ 14 గిగాహెర్ట్జ్ దగ్గర 1.2 మీటర్ల డిష్ చూపు వెడల్పే ఒకటింపావు డిగ్రీ. గాలివానకి డిష్ కాస్త పక్కకి ఒరిగితే చాలు, మన మాట పక్కింట్లో వినపడుతుంది.

కొత్తగా వచ్చిన తలనొప్పి 5జీ. 2022 వేలంలో మన దేశంలో 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ దాకా మొబైల్ కంపెనీలకి వెళ్లింది. సీ బ్యాండ్ ఉపగ్రహాలు కిందికి పంపేది 3700 నుంచి 4200. పేరుకి మధ్యలో ఎడం ఉంది. కానీ పాత ఎల్ఎన్‌బీలు, అంటే డిష్ ముందుండి సిగ్నల్ అందుకునే డబ్బాలు, 3400 నుంచే చెవులు రిక్కించుకుని ఉంటాయి. ఎదురుగా 5జీ టవర్ లేస్తే, దాని ధాటికి ఎల్ఎన్‌బీ ఉక్కిరిబిక్కిరై అసలు సిగ్నల్‌ని కూడా వదిలేస్తుంది. ఫిల్టర్ పెడితే పోతుంది. వీటికి తోడు సూర్యుడు. బెంగళూరు డిష్‌లకి మార్చి నడిమిలో, సెప్టెంబరు చివర్లో కొన్ని రోజులపాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి కొన్ని నిమిషాలు లింక్ కొట్టేస్తాడు. క్యాలెండర్ ముందే చెప్పగలిగే జామర్ ఆయనొక్కడే.

కాబట్టి స్క్రీన్ మీద గుట్ట కనిపించగానే అనుభవమున్న ఆపరేటర్ శత్రువు పేరెత్తడు. ముందు మన ఇల్లు వెతుకుతాడు. గుట్ట నిలకడగా ఉందా, అటూ ఇటూ జారుతోందా? జారుతుంటే ఎవరి బీయూసీకో జబ్బు చేసింది. రోజూ ఉదయం తొమ్మిదిన్నరకి మొదలై సాయంత్రం ఆరుకి పోతోందా? ఏదో ఆఫీసులో స్విచ్ వేస్తున్నారు. మన క్యారియర్లు ఒక్కొక్కటిగా ఆపిస్తే ఏదైనా ఆగినప్పుడు గుట్ట పోయిందా? దొరికాడు దొంగ. మన వాళ్లెవరూ కాకపోయినా, ఇప్పుడు చాలా క్యారియర్లకి కింద సన్నగా ఒక గుర్తింపు సంకేతం కలిపి పంపుతున్నారు, లారీకి నంబర్ ప్లేట్ లాగా. ఎవరిదో చదివి ఫోన్ చేయొచ్చు. ఈ ఆలోచన మొలకెత్తింది కెప్టెన్ మిడ్‌నైట్ దెబ్బకే. ఆ తర్వాతే అమెరికాలో అప్‌లింక్ ట్రాన్స్‌మిటర్లకి గుర్తింపు తప్పనిసరి చేశారు.

నంబర్ ప్లేట్ లేని బండి అయితే? ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ఉపాయం ఒకటుంది. ఏ డిష్ కూడా తన శక్తినంతా ఒకే వైపు పంపలేదు, అంచుల నుంచి కొంచెం చిందుతుంది. జామర్ డిష్ మన ఉపగ్రహం వైపు గురి పెట్టినా, చిందిన ముక్క పక్క ఉపగ్రహానికీ తగులుతుంది. ఆ రెండు ఉపగ్రహాల నుంచి కిందికి వచ్చే సిగ్నళ్లనీ ఒకే చోట పట్టుకుని పోల్చి చూస్తారు. ఒకటి రెండోదాని కంటే ఎన్ని మైక్రోసెకన్లు ఆలస్యంగా వచ్చిందో కొలిస్తే, భూమి మీద ఒక గీత వస్తుంది, జామర్ ఆ గీత మీద ఎక్కడో ఉన్నాడని. స్థిరంగా ఉన్నట్టు కనిపించే ఉపగ్రహాలు నిజానికి తమ చోట కొద్దిగా ఊగుతుంటాయి. ఆ కదలికల వల్ల రెండింటి ఫ్రీక్వెన్సీల్లో పిసరంత తేడా వస్తుంది. దాన్ని కొలిస్తే ఇంకో గీత. రెండు గీతలూ కలిసే చోట వాడుంటాడు. గురి కొన్ని కిలోమీటర్ల నుంచి పదుల కిలోమీటర్ల దాకా ఉండొచ్చు. ఆపైన దిక్కు కనిపెట్టే యాంటెన్నాలతో వ్యాన్లో వెళ్లి వెతుక్కోవాలి. వాడు చిందించిన నాలుగు చుక్కలే వాడిని పట్టిస్తాయి.

పట్టుకున్నాక ఏం చేస్తారన్నది వేరే గొడవ. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. మనకు ఉపగ్రహాల సిగ్నళ్లను గమనించే ప్రభుత్వ కేంద్రం మహారాష్ట్రలోని జాల్నాలో ఉంది, రుజువులు దొరుకుతాయి. కానీ ఆ యూనియన్‌కి పోలీసులు లేరు. పైగా దాని రాజ్యాంగంలో 48వ అధికరణం సైనిక రేడియోల విషయంలో దేశాలకి పూర్తి స్వేచ్ఛ ఉందని చెప్పి, వీలైనంతవరకు ఇతరులకి ఇబ్బంది లేకుండా చూసుకోండి అంటుంది. వీలైనంతవరకు!

అందుకే సైన్యాలు ఫిర్యాదుల మీద కాకుండా డిజైన్ మీద ఆధారపడతాయి. మారతహళ్లిలో మేం తినే టిఫిన్ బండి దగ్గర పెనం మీద అట్టు పోయడం చూస్తే ఇందులో మొదటి ఉపాయం అర్థమవుతుంది. గరిటెడు పిండి ఒకేచోట ఉంటే ముద్ద. దాన్నే పెనమంతా తిప్పితే కాగితం. సైనిక రేడియోల్లో కుదించిన మాటకి సెకనుకి 2,400 బిట్లు చాలు. దాన్ని ఒక రహస్య కోడ్‌తో గుణించి, 36 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌పాండర్ అంతా పలచగా పరుస్తారు. 15 వేల రెట్లు పలచన. చూసేవాడికి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. అవతల అదే కోడ్ ఉన్నవాడు మళ్లీ గుణిస్తే పరిచిన పిండి తిరిగి గరిటెలోకి వచ్చేస్తుంది. అసలు తమాషా ఇప్పుడు: జామర్ వేసిన ముద్ద మీద కూడా అదే గుణకారం పడుతుంది కదా, అది అట్టులా పలచబడిపోతుంది. 42 డెసిబెల్స్ లాభం. మనల్ని మూయించాలంటే జామర్ 15 వేల రెట్లు ఎక్కువ పవర్ తేవాలి.

రెండో ఉపాయం, ఒకచోట నిలబడకుండా ఫ్రీక్వెన్సీలు గెంతడం. నటి హెడీ లమార్, స్వరకర్త జార్జ్ యాంథైల్ 1942లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. పియానో మెట్లు 88 కాబట్టి వాళ్ల ఫ్రీక్వెన్సీలూ 88. వెంటాడే జామర్ మనం ఎక్కడ దిగామో విని, అక్కడికి ట్యూన్ అయి, తన సిగ్నల్ పైకి పంపాలి. కాంతి వేగానికి కూడా కొంత టైమ్ పడుతుంది. ఈలోపు మనం ఇంకో ఫ్రీక్వెన్సీకి గెంతేస్తే వాడు ఖాళీ కుర్చీని కొడతాడు.

మూడోది చెవి మూసుకోవడం. అమెరికా 1982 నుంచి పంపిన డీఎస్‌సీఎస్-3 ఉపగ్రహాల రిసీవ్ యాంటెన్నాకి 61 పుంజాలు, అంటే 61 దిక్కులకి 61 చెవులు. వాటి బలాలని సర్ది, జామర్ ఉన్న దిక్కుకి మాత్రం చెవుడు తెచ్చుకునేలా చేయొచ్చు. ఆ పక్కనే మన సైనికుడు ఉంటే అతనూ వినపడడు, అది వేరే బాధ.

అయితే మైక్ సెట్ కథ మళ్లీ గుర్తుచేసుకోండి. ఎంత పలచగా పరిచినా, ఎంత గెంతినా, ట్రాన్స్‌పాండర్ పవర్‌ని జామర్ లాగేసుకుంటే లాభం తరిగిపోతుంది. ఈ చిల్లు పూడ్చాలంటే ఉపగ్రహమే తెలివి తెచ్చుకోవాలి. వచ్చిన సిగ్నల్‌ని పైనే విప్పి, బిట్లు చదివి, చెత్త పారేసి, కిందికి కొత్తగా రాసి పంపాలి. 1994లో మొదటిది వెళ్లిన మిల్‌స్టార్, 2010 నుంచి వెళ్లిన ఏఈహెచ్ఎఫ్ అనే అమెరికా సైనిక ఉపగ్రహాలు ఈ పనే చేస్తాయి. 44 గిగాహెర్ట్జ్ దగ్గర 2 గిగాహెర్ట్జ్ వెడల్పు మైదానంలో గెంతుతూ వింటాయి. జామర్ అరుపు పైనే ఆగిపోతుంది. కానీ అలాంటి ఉపగ్రహం బరువెక్కువ, ఖరీదెక్కువ, ఒకసారి వెళ్లాక మార్చడం కష్టం.

వీటన్నిటికీ చెల్లించేది డబ్బు ఒక్కటే అయితే గొడవ లేదు. స్పీడ్ కూడా చెల్లించాలి. ఆ 36 మెగాహెర్ట్జ్‌లోనే సెకనుకి 4 కోట్ల బిట్ల డ్రోన్ వీడియో పంపితే పరచడానికి చోటు మిగలదు, లాభం సున్నా. అందుకే జామింగ్ అని తేలాక ఆపరేషన్స్ గదిలో మొదట కోత పడేది వీడియోకి. తర్వాత ఫైళ్లు. తర్వాత 2,400 బిట్ల గొంతు కూడా ఆగిపోవచ్చు. మిల్‌స్టార్‌లో అట్టడుగు మెట్టు సెకనుకి 75 బిట్లు.

75 బిట్లంటే ఎంతో ఒకసారి కాగితం మీద లెక్కేశాను. పొద్దున్నే మా ఫ్యామిలీ గ్రూపులో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ, 200 కేబీ అనుకుందాం, ఆ వేగంతో దిగడానికి ఆరు గంటలు. "వెనక్కి తిరగండి" అన్న మాట, తెలుగు యూనికోడ్‌లోనే పంపినా, నాలుగున్నర సెకన్లు.